నాడీమండలంలో నిరోధం: గాబా, గ్లైసిన్ గ్రాహకాల నిర్మాణమూ పనీ

ధనుర్వాతం అన్న పేరు రోగి శరీరాన్ని చూసి పెట్టిన పేరు. దవడలు బిగుసుకుపోయి, మెడా వెన్నూ వెనక్కి వంగి, తలా మడమలూ మాత్రమే పక్కకు ఆనుతూ, మనిషి ఎక్కుపెట్టిన విల్లులా మారిపోయిన ఆ స్థితిలో చిన్న చప్పుడు వినబడినా, కాస్త వెలుతురు కంటిపై పడినా ఒళ్లంతా మళ్లీ కొయ్యబారుతుంది. చూసేవారికి నరాల్లోకి ఏదో అదనపు శక్తి వచ్చి చేరినట్లు అనిపిస్తుంది. జరిగింది మాత్రం వేరు. గాయంలో పెరిగే క్లాస్ట్రీడియం టెటని అనే సూక్ష్మజీవి విడుదల చేసిన విషం నరం వెంట వెన్నుపాములోకి చేరి, కండరాలను ఊరుకోబెట్టే పనిలో ఉండే చిన్న నాడీకణాలలో ప్రవేశించి, ఆ కణాలు తమ రసాయన సందేశాన్ని వెలుపలికి పంపడానికి కావలసిన సినాప్టోబ్రెవిన్ అనే ప్రోటీనును తెగగొడుతుంది. కండరాలను కదిలించే కణాలు ఎప్పటిలాగే ఉన్నాయి. వాటికి ‘ఆగు’ అని చెప్పే గొంతు మూగబోయింది.

ఆ గొంతు ఎవరిది, అది పలికే మాట ఏమిటి, ఆ మాటను వినే చెవి ఎలా నిర్మితమైంది అన్నదే ఈ స్మారకోపన్యాసానికి విషయం. ఒక నాడీకణం మరొక నాడీకణాన్ని ప్రేరేపితం కాకుండా ఆపడాన్ని శరీరధర్మశాస్త్రంలో నిరోధం అంటారు. ఆ ఆజ్ఞను మోసుకుపోయే రసాయనం నిరోధక ప్రసారకం. దానిని అందుకొని పని జరిపించే ప్రోటీను నిరోధక గ్రాహకం. నిరోధమంటే ప్రేరణ లేకపోవడమేనని, పని చేయని నరం ఊరికే ఉన్న నరమని చాలాకాలం పాటు సామాన్యులే కాక వైద్యులూ అనుకున్నారు. ఈ భావన తప్పు. నిరోధం కూడా ఒక పని. దానికి వేరే కణాలు, వేరే రసాయనాలు, వేరే గ్రాహకాలు ఉన్నాయి.

వేగస్ నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే గుండె వేగం తగ్గుతుందని, ఆగిపోవచ్చునని కూడా జర్మనీలో వేబర్ సోదరులు 1845లోనే చూపారు. నరాన్ని ప్రేరేపిస్తే అవయవం ఆగడం ఆనాటి వారికి వింతగా తోచింది. అయితే వెన్నుపాములోనూ మెదడులోనూ నిరోధానికి ఉన్న స్థానాన్ని స్పష్టంగా నిలబెట్టిన వారు ఇంగ్లండుకు చెందిన చార్లెస్ షెరింగ్టన్. మోకాలి చిప్ప కింది స్నాయువు మీద వైద్యుడు చిన్న సుత్తితో తట్టినప్పుడు తొడ ముందుభాగపు కండరం బిగుసుకొని కాలు ఎగురుతుంది. అదే క్షణంలో తొడ వెనుకభాగపు కండరాలకు వెళ్లే చేష్టానాడీకణాలు నిరోధానికి లోనై ఆ కండరాలు సడలుతాయి. ఒకవైపు లాగుతున్నప్పుడు రెండవవైపు విడవడం అనే ఈ ఏర్పాటు లేకపోతే అడుగు తీసి అడుగు వేయడం, ముద్ద కలిపి నోటిదాకా తీసుకుపోవడం అసాధ్యం. స్ట్రిక్నిన్ అనే విషమూ ధనుర్వాత విషమూ ఈ ఏర్పాటును తలకిందులు చేసి, సడలవలసిన కండరాన్ని కూడా బిగించివేస్తాయని షెరింగ్టన్ ప్రయోగాలతో నిరూపించారు. 1932లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు ఆయన తన ఉపన్యాసానికి నిరోధాన్నే అంశంగా తీసుకున్నారు.

షెరింగ్టన్ శిష్యుడైన జాన్ ఎకిల్స్ తొలుత నాడీకణాల మధ్య సమాచారం నేరుగా విద్యుత్తు రూపంలోనే దాటుతుందని గట్టిగా వాదించిన వ్యక్తి. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1951లో ఆయనా ఆయన సహచరులూ వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని గాజు గొట్టపు మొనను పిల్లి వెన్నుపాములోని చేష్టానాడీకణంలోకి గుచ్చి, విశ్రాంత స్థితిలో బయటితో పోలిస్తే లోపల సుమారు 70 మిల్లీవోల్టుల మేర రుణంగా ఉండే విద్యుత్ పీడనం, నిరోధక నరాన్ని ప్రేరేపించగానే మరింత రుణంగా మారడాన్ని నమోదు చేశారు. ఎకిల్స్ స్వయంగా ప్రతిపాదించిన విద్యుత్ సిద్ధాంతం ప్రకారం కనిపించవలసిన గుర్తు ఇది కాదు. ఏ ప్రయోగం తన ఊహను కూల్చగలదో ముందే చెప్పుకొని ఆ ప్రయోగాన్నే చేసి చూడాలని తత్త్వవేత్త కార్ల్ పాపర్‌తో స్నేహంలో నేర్చుకున్న ఎకిల్స్, ఏళ్ల తరబడి సమర్థించిన వాదాన్ని విడిచిపెట్టి రసాయన ప్రసారాన్ని అంగీకరించారు. విజ్ఞానచరిత్రలో అరుదుగా కనిపించే నిజాయితీ ఇది. ఆ తరువాత కాన్‌బెరాలో ఆయన బృందం అదే గాజుమొన ద్వారా కణంలోకి క్లోరైడ్ అయాన్లను ఎక్కించి చూడగా, రుణంగా మారవలసిన సంకేతం ధనంవైపు తిరిగింది. 1955లో ప్రచురితమైన ఈ ఫలితంతో నిరోధ సమయంలో కణపొర గుండా ప్రవహించేది ప్రధానంగా క్లోరైడ్ అని తేలింది.

క్లోరైడ్ అయాన్‌ది రుణావేశం. కణం వెలుపల అది దండిగా, లోపల కొద్దిగా ఉంటుంది. పొరలో దానికి దారి తెరుచుకుంటే లోపలికి వచ్చి, కణాన్ని ప్రేరణకు అవసరమైన హద్దునుంచి దూరం జరుపుతుంది. అయితే విద్యుత్ పీడనం ఏమాత్రం మారకపోయినా నిరోధం జరగవచ్చునన్న సంగతి పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంలో దాటవేస్తాయి గాని, ఎక్కువ ధ్యాస పెట్టవలసిన విషయం అదే. పంటకాలువకు మధ్యలో గండి పడితే చివరి మళ్లకు నీరు అందదు. తూము దగ్గర ఎంత నీరు వదిలారన్నదానితో నిమిత్తం లేదు. అలాగే నాడీకణపు శాఖ మీద ఎక్కడో పుట్టిన ప్రేరణ ప్రవాహం కణదేహాన్ని చేరేలోపు దారిలో క్లోరైడ్ మార్గాలు తెరుచుకొని ఉంటే, ఆ ప్రేరణ అక్కడే నీరుగారిపోతుంది. అందువల్ల నిరోధక నాడీసంధి, అంటే ఒక కణం మరొక కణానికి ఆజ్ఞను అందించే చోటు, ఎక్కడ ఉన్నదన్నది దాని బలమంత ముఖ్యం. ప్రేరక సంధులు ఎక్కువగా శాఖల చివరల మీద ఉండగా, బలమైన నిరోధక సంధులు కణదేహం మీదా, సంకేతం మొదలయ్యే తంతువు మొదట్లోనూ కొలువై ఉంటాయి. మెదడు పైపొరలోని నాడీకణాలలో దాదాపు అయిదింట ఒక వంతు మాత్రమే నిరోధక కణాలైనా, మిగిలిన నాలుగు వంతుల మీద వాటి పట్టు సడలకపోవడానికి ఈ స్థానబలం ఒక కారణం.

ఇక ఆ దారి తెరిచే రసాయనం. గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లం, పొట్టిగా గాబా, మెదడులో ఉన్నదని 1950లో యూజీన్ రాబర్ట్స్ గుర్తించినప్పుడు దాని పని ఏమిటో ఎవరికీ తెలియదు. ఆవుల మెదళ్ల నుంచి తీసిన సారంలో నాడీకణాలను ఊరుకోబెట్టే గుణం ఉన్నదని ఎర్నెస్ట్ ఫ్లోరీ ఆ తరువాత కొద్దికాలానికే కనిపెట్టగా, ఆ సారంలోని ప్రధాన పదార్థం గాబాయేనని 1957లో తేలింది. నిరోధక నరాన్ని ప్రేరేపిస్తే గాబా వెలువడుతుందని 1966లో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు సముద్రపు పెద్ద రొయ్య జాతి అయిన లాబ్‌స్టర్ నరాలలో చూపారు. మెదడులో గాబా ఎంత ముఖ్యమో వెన్నుపాములోనూ మెదడు కాండంలోనూ గ్లైసిన్ అంత ముఖ్యం. అమైనో ఆమ్లాలన్నింటిలోకీ చిన్నది, ప్రతి కణంలోనూ ఉండేది అయిన గ్లైసిన్‌కు ఇంతటి ప్రత్యేకమైన పని ఉంటుందని నమ్మడానికి శాస్త్రలోకానికి కొంతకాలం పట్టింది.

గాబా పుట్టుకలో ఒక విశేషముంది. మెదడులో ప్రేరణకు ముఖ్య ప్రసారకం గ్లూటమేట్. ఆ గ్లూటమేట్ నుంచి ఒక్క కార్బాక్సిల్ సమూహాన్ని తొలగిస్తే గాబా అవుతుంది. పరుగెత్తించే పదార్థమే ఒక్క మెట్టుతో ఆపే పదార్థంగా మారుతుంది. ఆ మార్పు జరిపే ఎంజైముకు బి6 విటమిన్ తోడు కావాలి. అందుకే 1950ల తొలినాళ్లలో అమెరికాలో తయారీలో బి6 నశించిన ఒక రకం పాలమీద పెరిగిన పసిపిల్లలకు మూర్ఛలు వచ్చాయి, ఆ విటమిన్ ఇవ్వగానే తగ్గాయి. క్షయకు వాడే ఐసోనియాజిడ్ మాత్రలను మోతాదు మించి మింగినవారికి వచ్చే మూర్ఛలకు విరుగుడు కూడా బి6 విటమినే.

గ్రాహకాన్ని వేరుచేసి చూడడానికి దారి చూపినవి విషాలు. వాటిలో రెండు తెలుగువారికి పాత పరిచయాలు. తూర్పు కనుమలలోనూ తెలంగాణ అడవులలోనూ పెరిగే ముష్టిచెట్టు నారింజరంగు కాయలలో బిళ్లల్లాంటి చదునైన గింజలుంటాయి. వాటిలోని విషమే స్ట్రిక్నిన్. దానిని 1818లో ఫ్రాన్సులో పెల్టియే, కావెంతూలు శుద్ధరూపంలో వేరుచేశారు. అది గ్లైసిన్ కూర్చోవలసిన చోటనే తాను కూర్చొని, గ్లైసిన్‌ను దరిచేరనివ్వదు. ధనుర్వాత విషం ‘ఆగు’ అన్న మాటను పలకనివ్వకుండా చేస్తే, ముష్టి విషం ఆ మాటను వినబడనివ్వకుండా చేస్తుంది. నాడీసంధికి అటొకటి ఇటొకటి నిలిచిన ఈ రెండు విషాలూ మనిషిని ఒకే విల్లుగా వంచుతాయి. స్ట్రిక్నిన్ గ్రాహకాన్ని అంత గట్టిగా పట్టుకుంటుంది కనుకనే, 1982లో హైన్రిష్ బెట్స్ బృందం దాని మార్పురూపాన్ని గాలంగా వాడి ఎలుక వెన్నుపాము నుంచి గ్లైసిన్ గ్రాహకాన్ని శుద్ధి చేయగలిగింది. రెండవది కాకమారి. చేపలను మత్తెక్కించి పట్టడానికి వాడుతూ వచ్చిన ఈ తీగకాయల నుంచి వచ్చే పిక్రోటాక్సిన్, ప్రసారకం కూర్చునే చోటును వదిలి, తెరుచుకున్న మార్గంలోకే దూరి దానికి బిరడాలా అడ్డుపడుతుంది. ఒకటి తాళంచెవి రంధ్రాన్ని మూస్తే మరొకటి గుమ్మాన్ని మూస్తుంది. గ్రాహకంలో ప్రసారకాన్ని పట్టే భాగమూ అయాన్లను పోనిచ్చే భాగమూ వేరువేరని ఈ తేడా ముందుగానే సూచించింది.

గాబా-ఎ గ్రాహకం, గ్లైసిన్ గ్రాహకం ఒకే కుటుంబానివని 1987లో వాటి జన్యువులను చదివినప్పుడు రుజువైంది. రెండింటికీ అయిదేసి ఉపప్రమాణాలు, అంటే విడివిడిగా తయారై తరువాత కలిసిన ప్రోటీను ముక్కలు, మధ్యలో దారి వదిలి గుండ్రంగా నిలబడిన స్తంభాల్లా అమరి ఉంటాయి. మొత్తం నిర్మాణం ఎత్తు సుమారు 11 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో 10 లక్షలవ వంతు. ప్రతి ఉపప్రమాణానికీ కణం వెలుపలికి పొడుచుకువచ్చిన పెద్ద తలభాగం, కణపొరను నాలుగుసార్లు దాటే మెలితిరిగిన నాలుగు కడ్డీలు ఉంటాయి. అయిదు ఉపప్రమాణాల రెండవ కడ్డీలు లోపలివైపుకు తిరిగి నిలిచి అయాన్ మార్గానికి గోడలవుతాయి. మనిషిలో గాబా-ఎ గ్రాహకపు ఉపప్రమాణాలకు 19 జన్యువులున్నాయి. ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, రో వంటి పేర్లతో పిలిచే ఈ ముక్కలు అనేక విధాలుగా కలవగలవు. మెదడులో ఎక్కువగా కనిపించే కూర్పులో రెండు ఆల్ఫా-1, రెండు బీటా-2, ఒక గామా-2 ఉంటాయి.

గాబా అణువు ఏ ఒక్క ఉపప్రమాణం లోపలా కూర్చోదు. బీటా, ఆల్ఫా ముక్కలు ఒకదానికొకటి ఆనుకున్న సందులో కూర్చుంటుంది. అలాంటి సందులు రెండున్నాయి. రెండింటిలోనూ గాబా చేరగానే ఆ సందును కప్పే చిన్న మెలిక మూసుకొని, తలభాగాలు కొద్దిగా తిరిగి, ఆ కదలిక పొరలోపలి కడ్డీలకు చేరి, మార్గం నడిమిన లూసిన్ అనే అమైనో ఆమ్లాలతో ఏర్పడిన ఇరుకు విప్పారుతుంది. ఇదంతా సెకనులో వెయ్యోవంతు కాలంలోనే ముగుస్తుంది. ప్రసారకం చాలాసేపు అంటుకొని ఉంటే మార్గం అడుగుభాగంలోని మరొక ఇరుకు మూసుకుపోయి, గ్రాహకం కొంతసేపు అలిసినట్లు స్పందన మానుతుంది. ఈ దృశ్యాలను శాస్త్రజ్ఞులు దాదాపు పరమాణువుల స్థాయిలో చూడగలగడం ఇటీవలి సంగతి. బీటా-3 ముక్కలు అయిదింటితో కూడిన గ్రాహకపు స్ఫటిక నిర్మాణం 2014లో, స్ట్రిక్నిన్‌తోనూ గ్లైసిన్‌తోనూ కూడిన గ్లైసిన్ గ్రాహకపు రూపాలు 2015లో, మూడు రకాల ముక్కలతో కూడిన మానవ గాబా-ఎ గ్రాహకం 2018లో వెల్లడయ్యాయి. ప్రోటీనును ఒక్కసారిగా గడ్డకట్టించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసే క్రయో పద్ధతి వీటిలో చాలావాటిని సాధ్యం చేసింది.

కండరాన్ని బిగించే అసిటైల్‌కోలిన్‌కు ఉన్న నికోటినిక్ గ్రాహకం ఈ నిరోధక గ్రాహకాలకు తోబుట్టువు: అవే అయిదు స్తంభాలు, అవే నాలుగేసి కడ్డీలు. దాని మార్గం ధనావేశపు సోడియంను లోపలికి వదిలి ప్రేరేపిస్తుంది. వీటి మార్గం రుణావేశపు క్లోరైడ్‌ను వదిలి నిరోధిస్తుంది. 1992లో పారిస్‌లో ఝాన్-పియర్ షాంజో బృందం ఒక నికోటినిక్ గ్రాహకపు రెండవ కడ్డీలో కేవలం మూడు మార్పులు చేసి, ధనావేశాన్ని వదిలే దారిని రుణావేశాన్ని వదిలే దారిగా మార్చివేసింది. ప్రేరణకూ నిరోధానికీ మధ్య ఉన్న గోడ అంత పలుచన.

గ్రాహకాలు కణపొర మీద ఎక్కడపడితే అక్కడ తేలవు. గ్లైసిన్ గ్రాహకంలోని బీటా ముక్కను లోపలినుంచి గెఫిరిన్ అనే ప్రోటీను పట్టుకొని నాడీసంధి ఎదుట నిలబెడుతుంది. గ్రీకు భాషలో వంతెనకు ఉన్న పేరే దానికి పెట్టారు. చాలా గాబా-ఎ గ్రాహకాలకూ అదే ఆధారం. డెల్టా ముక్క ఉన్న గాబా-ఎ గ్రాహకాలు మాత్రం సంధికి దూరంగా ఉండి, చుట్టూ ఉన్న ద్రవంలోని కొద్దిపాటి గాబాను కూడా పసిగట్టి, క్షణమాత్రపు ఆజ్ఞలకు బదులు ఎడతెగని మంద్రమైన అదుపును అందిస్తాయి.

గాబా-బి గ్రాహకం తీరు పూర్తిగా వేరు. నార్మన్ బవరీ బృందం 1980లో గుర్తించిన ఈ గ్రాహకంలో అయాన్ మార్గమే లేదు. రెండు పెద్ద ముక్కల జంటగా ఏర్పడిన దీనిలో ఒకటి గాబాను పట్టుకుంటే, రెండవది కణంలోపలి జి-ప్రోటీనును కదిలిస్తుంది. అది పొటాషియం మార్గాలను తెరిచి, కాల్షియం మార్గాలను అణచివేస్తుంది. ఫలితం నెమ్మదిగా మొదలై ఎక్కువసేపు నిలుస్తుంది. పక్షవాతం, వెన్నుపాము గాయాల తరువాత కొయ్యబారిన కండరాలను సడలించడానికి వైద్యులు ఇచ్చే బ్యాక్లోఫెన్ దీనిమీదనే పనిచేస్తుంది.

నిరోధక గ్రాహకం ఎప్పుడూ నిరోధకమేనా అన్న ప్రశ్నకు పసిమెదడు లేదని సమాధానమిస్తుంది. పుట్టుకకు ముందూ పుట్టిన కొత్తలోనూ నాడీకణాలలో క్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది కనుక, గాబా మార్గం తెరిస్తే క్లోరైడ్ బయటికి పోయి కణం ప్రేరేపితమవుతుంది. క్లోరైడ్‌ను వెలుపలికి తోడే కెసిసి2 అనే ప్రోటీను తగినంత తయారైన తరువాతనే గాబా నిరోధకంగా స్థిరపడుతుంది. నవజాత శిశువుల మూర్ఛలకు పెద్దలకిచ్చే మందులు తరచు సరిగా పనిచేయకపోవడానికి ఇదొక కారణమని నిపుణులు భావిస్తున్నారు.

జన్యువులో ఒక్క అక్షరం తప్పితే ఏమవుతుందో ఉలికిపాటు వ్యాధి చూపుతుంది. 1993లో గుర్తించిన దాని మూలం గ్లైసిన్ గ్రాహకపు ఆల్ఫా-1 ముక్కలో 271వ స్థానంలోని ఆర్జినిన్ మారిపోవడం. అలా పుట్టిన బిడ్డ కర్రలా బిగుసుకొని ఉంటుంది. ముక్కు మీద తట్టినా, తలుపు చప్పుడైనా విపరీతంగా ఉలిక్కిపడి, ఒక్కోసారి ఊపిరి కూడా ఆగిపోతుంది. అప్పుడు తలనూ కాళ్లనూ పొట్టవైపుకు వంచితే బిగువు సడలుతుంది. ఈ చిన్న ఉపాయం ప్రాణం నిలుపుతుంది. ఈ వ్యాధికి ఇచ్చే క్లోనజెపామ్ అనే మందు పాడైన గ్లైసిన్ గ్రాహకాన్ని ముట్టదు, పక్కనున్న గాబా-ఎ గ్రాహకాలను బలపరచి లోటు పూడుస్తుంది. గాబా-ఎ గామా-2 జన్యువులో లోపాలు కొన్ని కుటుంబాలలో మూర్ఛకు కారణమని 2001లో తెలిసింది.

క్లోనజెపామ్, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి బెంజోడయాజెపిన్లు గాబా కూర్చునే చోట కూర్చోవు. ఆల్ఫా, గామా ముక్కల మధ్య ఉన్న వేరొక సందులో చేరి, గాబా వచ్చినప్పుడు మార్గం మరింత తరచుగా తెరుచుకునేట్లు చేస్తాయి. గాబా లేనిదే వాటంతట అవి తలుపు తీయలేవు. ఫీనోబార్బిటాల్ వంటి బార్బిట్యురేట్లు మార్గం తెరిచి ఉండే వ్యవధిని పెంచుతాయి, మోతాదు పెరిగితే గాబా లేకుండానే తెరుస్తాయి. ఊపిరిని ఆపి ప్రాణం తీసే ప్రమాదం వాటిలో అంత ఎక్కువ కావడానికి కారణమిదే. ఆల్ఫా-1 ముక్కలో ఒక హిస్టిడిన్‌ను ఆర్జినిన్‌గా మార్చిన ఎలుకలకు డయాజెపామ్ ఇస్తే మత్తు రాలేదు గాని ఆందోళన తగ్గిందని 1999లో వెల్లడైంది. మత్తూ నెమ్మదీ ఒకే మందులో ఉన్నా, వాటిని కలిగించే గ్రాహకాలు వేరని అలా రుజువైంది.

ఈ మందులను రోజూ పుచ్చుకునే మెదడు ఊరుకోదు. బయటినుంచి అదుపు అందుతున్నకొద్దీ తన గ్రాహకాల స్పందనను తగ్గించుకుంటూ, ప్రేరణ వ్యవస్థను పెంచుకుంటూ పోతుంది. మందు ఒక్కసారిగా ఆగినప్పుడు సొంత అదుపు చాలక వణుకు, నిద్రలేమి, మతిభ్రమ, మూర్ఛ ముంచుకొస్తాయి. తెలంగాణ పల్లెలు దీనిని కళ్లారా చూశాయి. కల్లులో కలిపే డయాజెపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్‌లు ఒంట్లోకి చేరాక గాబా-ఎ గ్రాహకం మీద పనిచేసేవే. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలలో ఎందరో కూలి జనం వింత ప్రవర్తనతోనూ మూర్ఛలతోనూ ఆసుపత్రుల పాలయ్యారు. వారిని తాగుబోతులని ఈసడించడం అన్యాయం. వారిది గ్రాహకాల స్థాయిలో జరిగిన మార్పు, దానికి వైద్యముంది. కల్తీని అరికట్టే అధికారులు సరఫరా ఆపిన రోజునే ఆ ఊరికి వైద్యులను, మందులను కూడా పంపాలి. కల్లు మానిన మనిషి చేతులు వణికి, లేని మాటలు మాట్లాడుతున్నప్పుడు ఇంటివారు భూతవైద్యుని దగ్గరికి కాక ఆసుపత్రికి తీసుకుపోవాలి. నిద్రమాత్రలు నెలల తరబడి వాడినవారెవరూ వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాటిని ఒక్కరోజులో మానరాదు, వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.